తరంగంబాడి తీరమున



దేవుని కృపనుబట్టి కిందటి వేసవిలో మేమును, మా సంఘపెద్దలు ఇద్దరును తమిళనాడులోని తరంగంబాడిని దర్శించితిమి. మయిలాడుతురైలో రైలు దిగి, బస్సులో సముద్రతీరమునకు చేరితిమి. 1706లో జీగెన్‌బాల్గ్ దొరగారు ఓడ దిగిన ఊరు ఇదే. 1718లో కట్టిన న్యూ జెరూసలేం దేవాలయములో ఆయన సమాధి చూచి, ప్రార్థించితిమి.

అయితే మా మనస్సులో ఒక భారమున్నది. మా సంఘములో శిశు బాప్తిస్మము పొందిన ఒక యౌవనస్థుడు, అది చెల్లదు, మరల ముంచుడు బాప్తిస్మము కావలెనన్నాడు. "ఏది సత్యమో నిర్ణయించేది ఎవరు, అయ్యగారూ?" అని అడిగాడు. మేము డిప్లొమా చదివిననాటి నోట్సు తిరగవేసి, "మన సంఘ నిబంధన ఇది. ఇష్టము లేనియెడల వెళ్లవచ్చును" అంటిమి. అతడు వెళ్లిపోయెను. తల్లి మాత్రము ప్రతి ఆదివారము ఒంటరిగా వచ్చి కూర్చుండును.

ఆ ప్రశ్నకు ఒక్కొక్క సంఘము ఒక్కొక్క రీతిగా జవాబిచ్చును. రోమన్ కథోలికులు బిషప్పుల మహాసభను, పోపుగారిని చూపుదురు. లూథరన్లు 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణమును చూపుదురు. బాప్టిస్టులు, లేఖనము తెరచి స్థానిక సంఘమే తీర్మానించుకొనవలెనందురు.

వేర్వేరు సంఘములవారు కలిసి తీర్మానించుటకు పూనుకొన్నది ఈ తరంగంబాడిలోనే. 1919 మే 1, 2 తేదీలలో 33 మంది సేవకులు ఇక్కడ కూడుకొనిరి. ఇద్దరు తప్ప అందరును భారతీయులే. మన దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు వారిలో ముఖ్యులు. ఆంగ్లికన్లును, దక్షిణ భారత ఐక్య సంఘమువారును ఏకము కావలెనని పిలుపునిచ్చిరి. తరువాత మెథడిస్టులును చేరిరి.

పునాదులు నాలుగు: పరిశుద్ధ గ్రంథము, అపొస్తలుల, నైసీయ విశ్వాస ప్రమాణములు, బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనము అను సంస్కారములు, బిషప్పుల పరిచర్య. నాలుగవదానియొద్ద చిక్కు వచ్చెను. బిషప్పు హస్తనిక్షేపణ పొందని పాస్టర్లకు మరల అభిషేకము చేయవలెనా? ఏండ్ల తరబడి చర్చించి, ఉన్నవారిని ఉన్నట్లే అంగీకరించి, ఇకమీదట అభిషేకములు బిషప్పులే చేయవలెనని తీర్మానించిరి. మెథడిస్టులు 1943లో, ఆంగ్లికన్లు 1945లో, ఐక్య సంఘమువారు 1946లో తమ తమ సభలలో సమ్మతించిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. అజరయ్యగారు దానిని చూడలేదు. 1945 జనవరి 1ననే ప్రభువునందు నిద్రించిరి.

ఇరువదియెనిమిది ఏండ్లు! మేమో, ఒక్క సాయంకాలములో తీర్పు చెప్పితిమి.

తిరిగి వచ్చి ఆ యౌవనస్థుని యింటికి వెళ్లితిమి, క్షమించుమని అడిగితిమి. మా బోధ మారలేదు, అతని తలంపును మారలేదు. గాని గురువారములలో అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయము తెరచి కలిసి చదువుచున్నాము. ఆదివారమున తల్లి ప్రక్క చోటు ఇంకను ఖాళీగానే ఉన్నది. మా కొరకు ప్రార్థించండి.