మరల బరిలోనికి దిగుటకు ముందు

సంక్రాంతికి కొన్నాళ్ళ ముందునుండియే వీరులపాడు మండలపు గ్రామములలో చెడుగుడు బరులు సిద్ధమగుచుండును. జుజ్జూరు మొదలుకొని నందిగామ, జగ్గయ్యపేటల వరకు గల ఈ మెట్టసీమలో, పత్తిచేలలోను మిరపతోటలలోను పనిచేసి గట్టిపడిన దేహములు గల యువకులకు ఆ ఆట ప్రాణప్రదము. పండుగ ముగిసిన పిమ్మట వాచిన మోకాళ్ళతో నా వైద్యశాలకు వచ్చువారు ఏటేట కనబడుచునే యున్నారు. వారిని పరీక్షింపగా పరీక్షింపగా నాకు దృఢపడిన అభిప్రాయ మొకటి కలదు: పట్టులో చిక్కిన క్షణమున చెడిన మోకాళ్ళకంటె, చెడిన పిమ్మట విశ్రాంతి నీయక మరల బరిలోనికి దింపుటచే శాశ్వతముగా పాడైన మోకాళ్ళే నేను ఎక్కువగా చూచితిని.

ఒక యువకుడు తండ్రి భుజము ఊతగా గొని కుంటుచు వచ్చెను. కూతకు వెళ్ళి, గీత దాటి రావలెనని గిఱ్ఱున వెనుదిరిగిన వేళ, మూలనున్న ఆటగాడు చీలమండను ఒడిసి పట్టుకొనగా, పాదము నేలకు అంటుకొనిపోయి, పైదేహము మాత్రము తన వేగముతో తాను తిరిగిపోయినదట. మోకాలి లోపల ‘టప్’ మని శబ్దమైనది. కొంతసేపటికి నొప్పి తగ్గగా, ఆఖరు పోటీ యగుటచే, గుడ్డ బిగించి కట్టుకొని అతడు మరల కూతకు పోయెను. ఈసారి ఎవ్వరును తాకకమునుపే కాలు తనంత తాను జారి కూలబడెను. నాటినుండి మోకాలు పూర్తిగా చాపుటకు రాదాయెను. “ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందన్నారండి. మరి కాలెందుకు నిలవట్లేదు?” అని తండ్రి అడిగెను.

ఎక్స్‌రే చూపునది ఎముకలను. మోకాలికి నిలుకడ నిచ్చునవి ప్రధానముగా ఎముకలు కావు, వానిని బంధించు సంధిబంధనములు. కీలు నడుమ ఒకదానినొకటి అడ్డముగా దాటు రెండు బంధనములలో ముందరిదానిని వైద్యులు ఏసీఎల్ అందురు. కాలి పెద్దయెముక తొడయెముక క్రిందినుండి ముందునకు జారకుండను, మితిమీరి మెలి తిరగకుండను ఆపునది అదియే. అది తెగినపుడు సామాన్యముగా కొద్ది గంటలలోనే కీలు నిండ రక్తము చేరి వాచును. మోకాలిని కొంచెము వంచి, పిక్కను ముందునకు లాగి చూచు పరీక్షను అమెరికా వైద్యుడు లాక్‌మన్ తన శిష్యులకు నేర్పగా, అది 1976లో ప్రకటితమై ఆయన పేరనే ప్రసిద్ధమైనది. అందులకు యంత్ర మక్కరలేదు, వైద్యుని రెండు చేతులు చాలును. ఆ చేతులకు తెలిసినదానినే ఎమ్మారై స్థిరపరచినది. అయితే అందు మరియొకటియు కనబడెను. రెండెముకల నడుమ మెత్తవలె నుండి బరువును పంచు అర్ధచంద్రాకారపు మృదులాస్థి చిరిగి, దాని ముక్క మడతపడి కీలులో ఇరుకుకొని యుండెను. మొదటి పాటున తెగినది బంధనము. రెండవ పాటున చిరిగినది ఈ మెత్త యని ఆ యువకుడు చెప్పిన క్రమమునుబట్టి నా నిశ్చయము. బంధనమును తొడ వెనుకనుండి తీసిన స్నాయువుతో మరల నిర్మింపవచ్చును. మెత్తయొక్క వెలుపలి అంచునకు మాత్రమే రక్తప్రసార ముండుటచే, లోపలి భాగము చిరిగిన సాధారణముగా అతుకదు. ఆ కుఱ్ఱవాడు దానిలో కొంత భాగమును విజయవాడలో జరిగిన శస్త్రచికిత్సలో కోల్పోయెను.

అట్టి నష్టము ముప్పదేండ్ల పిమ్మట ఎట్లు పరిణమించునో నేను వెదకి చూడవలసిన పని లేదు. ఒకనాటి పేరుపొందిన ఆటగాడు, నేడు మిరప రైతు, గట్టు దిగునపుడెల్ల కాలు జారుచున్నదని వచ్చును. యౌవనమున మోకాలు వాచినపుడు నూనెతో మర్దన చేయించి, కోడిగుడ్డు సొనతో వెదురుబద్దల కట్టు వేయించి, వాపు తీయగానే బరికి పోయితి నని ఆయనయే చెప్పును. పుత్తూరు కట్టనబడు ఈ పద్ధతి విరిగిన యెముకలకు పేరుగాంచినది. కాని కీలు లోపల తెగిన బంధనమును ఏ కట్టును అతికింపజాలదు. పైపెచ్చు వారముల తరబడి బిగించియుంచిన కాలికి తొడకండ కరగిపోవును. ఆయన మోకాలు నేడు ఏబదియేండ్లకే అరిగియున్నది.

ఏసీఎల్ తెగిన ఒక కళాశాల జట్టు బాలిక తల్లి నన్ను అడిగిన ప్రశ్న వేరు. “ఆపరేషనంటే రేపు సంబంధాలొచ్చినప్పుడు ఏం చెప్పుకోవాలండీ?” “జరిగింది జరిగినట్టే చెప్పండమ్మా. కాలు నిలవకపోతే అమ్మాయి రేపు మెట్లు కూడ దిగలేదు” అంటిని. మెలికలు తిరుగుచు ఆడు ఆటలలో ఏసీఎల్ గాయము పురుషులకంటె స్త్రీలకు అధికము. ఎగిరి దిగునపుడు మోకాలు లోపలికి వంగుట అందుకు ఒక ప్రధాన కారణము, అది శిక్షణచే దిద్దదగినదే. శస్త్రచికిత్స తరువాత ఆ బాలిక తొమ్మిది నెలలు ఆటకు దూరముగా ఉండెను. నడుమ సంక్రాంతి వచ్చెను, జట్టువారు బ్రతిమాలిరి, ఆమె గీత వెలుపల కూర్చుండి చూచెను. గాయపడిన కాలి తొడ బలము రెండవ తొడ బలములో నూటికి తొంబది పాళ్ళకు చేరినదాక ఫిజియోథెరపీ మానలేదు. తొమ్మిది నెలలు నిండకముందే ఆటకు మరలినవారిలో మోకాలు తిరిగి గాయపడుట చాల ఎక్కువ యని నార్వే పరిశోధకులు 2016లో ప్రకటించిన ఫలితములు చెప్పుచున్నవి. తిన్నని నడకతో పని జరుగువారిలో కొందరికి శస్త్రచికిత్స లేకయే వ్యాయామము చాలును. కూతకు పోవువానికి అరుదుగా చాలును.

గాయమే రాకుండ చేయగలిగినది కొంత కలదు. మన నల్లరేగడి ఎండినపుడు నెఱ్ఱెలు వారును; అందు పాదము దిగబడి తిరిగిన మోకాళ్ళను చూచితిని. నెఱ్ఱెలు పూడ్చి, నీరు చల్లి, మెత్తని మట్టి పరచిన బరి సగము వైద్యము. 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో స్థానము పొందిన ఈ ఆట నేడు పెద్ద పోటీలలో మ్యాట్లపై బూట్లతో సాగుచున్నది. అచ్చట బూటు మ్యాట్‌ను గట్టిగా పట్టుకొనును గనుక, మ్యాట్‌కు అలవాటుపడక పోటీకి దిగరాదు. ఫుట్‌బాల్ ఆటగాండ్రకై ఫిఫావారు రూపొందించిన ‘11+’ అనబడు ఇరువది నిమిషముల వ్యాయామక్రమము, ఒంటికాలిపై నిలుకడ, గుంజీలు, ఎగిరి మెత్తగా దిగుట, తొడ వెనుకకండలకు బలము, వీనితో కూడినది. క్రమముగా చేసినవారిలో గాయములు దాదాపు మూడవవంతు తగ్గినవి. చెడుగుడు జట్లకును అది యథాతథముగా పనికివచ్చును.

ఒక్క ప్రమాదము మాత్రము ఆలస్యమును సహింపదు. పట్టులో మోకాలు పూర్తిగా తొలగి, పాదము చల్లబడిన, లేక నాడి అందకున్న, మోకాలి వెనుక ధమని దెబ్బతిన్నదని శంకింపవలెను; సుమారు ఆరు గంటలలో రక్తప్రసారము పునరుద్ధరింపనిచో కాలు దక్కుట కష్టము. వైరా నదియు, కట్టలేరును పొంగి దారులు తెగు దినములలో జరుగు పోటీలకు, ఏ దారిన విజయవాడ చేరవలెనో ముందే తెలిసియుండవలెను.

పోటీలు నడుపు పెద్దలకును, వ్యాయామోపాధ్యాయులకును నా విన్నపము: బరి ప్రక్కన ఐసును, ఒక పలకను, ఒక వాహనమును ఉంచుడు. మోకాలు మెలిపడి పడినవాడు “నాకేం కాలేదు” అని లేచి నిలిచినను, శబ్దము వినబడినదా యని అడుగుడు; విన్నానన్నచో, లేక వాపు కనబడినచో, ఆ దినమున వానిని మరల కూతకు పంపకుడు.