మీటిన స్వరం

నలుగురైదుగురు చిన్న గదిలో కూర్చుని, ఒకరి వాద్యం ఒకరు వింటూ చేసే కచేరీని పాశ్చాత్యులు ఛేంబర్ సంగీతం అంటారు. ఛేంబర్ అంటే గది. రాక్ సంగీతం దీనికి పూర్తిగా ఎదురు: కరెంటు గిటార్లు, డ్రమ్ములు, మైదానం దద్దరిల్లే హోరు! ఈ రెంటికీ పొత్తు కుదురుతుందా?

కరీంనగరులో మా ఇంట్లో దీని మీదనే తగాదా వచ్చింది. వయొలిన్ నేర్చుకుంటున్న మా మేనల్లుడు కరెంటు వయొలిన్ కావాలన్నాడు. "కరెంటు పెడితే పాట ఖరాబైతది," అన్నాడు మా నాయన. వాడు అలిగి సాధన మానేశాడు. అసలు కరెంటు చేసే పని ఏమిటో ఇద్దరికీ చెప్పాలనుకున్నాను.

ఆదిలాబాదు జిల్లాలో ప్రధానులు గోండుల పూర్వుల కథలు పాడుతూ కిక్రీ వాయిస్తారు. దానికి మూడు తీగలు, ఒక కమాను. కమాను ఆడినంతసేపూ స్వరం తెగదు. వయొలినూ అంతే. మాండొలిన్ అలా కాదు. మీటితే టింగుమని మోగి ఆరిపోతుంది. ఆరిపోయే స్వరాన్ని ఊపి గమకం పలికించటం ఎలా?

పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆ పని చేశాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ రాదు. ఆయన పాడితే ఈ పిల్లవాడు విని వాయించేవాడు. తరవాత అయిదు తీగల కరెంటు మాండొలిన్ పట్టాడు. అందులో ఉక్కు తీగల కింద అయస్కాంతమూ, రాగి తీగ చుట్టా ఉంటాయి. ఉక్కు తీగ అదిరితే చుట్టలో సన్నని కరెంటు పుడుతుంది. ఆంప్లిఫయరు దాన్ని పెంచి స్పీకరుకు పంపుతుంది. రాక్ గిటారులోనూ ఇదే ఏర్పాటు! అక్కడ దాంతో హోరు పుట్టించారు. ఇక్కడ ఆరిపోబోయే స్వరాన్ని చెవికి అందించారు.

ఇంగ్లండువాడైన జాన్ మెక్లాగ్లిన్ 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి, రాక్ హోరుతో గిటారు వాయించాడు. ఆ తరవాత 'శక్తి' బృందంలో వయొలిన్, తబలా, ఘటం పక్కన కూర్చుని, కరెంటు లేని గిటారు మీటాడు. 1990ల చివర 'రిమెంబర్ శక్తి'లో శ్రీనివాస్ ఆయన పక్కన చేరాడు.

శ్రీనివాస్ వాయించిన కీర్తన ఒకటి వినిపించాను. మా నాయన కళ్ళు మూసుకుని విన్నాడు. "గమకం మంచిగనే పలుకుతుంది. కొనియ్యి బిడ్డా! కాని ముందు సాధన కానియ్యి," అన్నాడు.

మీకు మీటే వాద్యం ఏదైనా దొరికితే, ఒక తీగ మీటి, స్వరం ఆరిపోయేదాకా అంకెలు లెక్కపెట్టి చూడండి.