ఓటీపీ కొడుకు ఫోనుకి

జూన్ 12, గురువారం
పొద్దున ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దాకా నడక. చెట్ల కింద గ్రూప్స్ పరీక్షలకి చదివేవాళ్లు: ఒళ్లో పుస్తకం, చెవిలో యూట్యూబ్ క్లాసు. ముప్పై దాటినవాళ్లూ ఉన్నారు. వీళ్లకి ఇంటర్నెట్ చదువు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

జూన్ 15, ఆదివారం
జాకెట్ గుడ్డ ఇద్దామని తార్నాకలో మా వీధి టైలరు దగ్గరికెళ్లాను. మిషన్ మీద దారం డబ్బాకి ఆనించిన ఫోన్లో ప్రిన్సెస్ కట్ వీడియో. చంక రౌండు రాగానే ఆపడం, పాత పేపరు మీద గీయడం, కుదరకపోతే వీడియో వెనక్కి జరపడం. నాలుగోసారికి గీత కుదిరింది.
"ఎంతదాక చదివినవక్కా?"
"ఏడుల బంద్ వెట్టిన. గిదేం సదువు మేడం, బతుకుదెరువు."
కాదంటాను. లెక్కలోకి రాకపోయినా ఇదీ చదువే.

జూన్ 17, మంగళవారం
టైలరక్కకి ఓపెన్ టెన్త్ సంగతి చెప్పాను. 14 ఏళ్లు నిండితే చాలు, పైన వయసుతో పేచీ లేదు. కళ్లు మెరిశాయి, ఆన్‌లైన్ దరఖాస్తు అనగానే ఆరిపోయాయి. "ఆధార్‌కు మా పిలగాని నంబరున్నది. ఓటీపీ వానికే పోతది. వాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి రాత్రయితది."

జూన్ 21, శనివారం
క్యాంపస్‌లో దూరవిద్యా కేంద్రం మీదుగా వచ్చాను. 1977లో కరస్పాండెన్స్ కోర్సులతో మొదలైంది. ఇప్పుడు ప్రొఫెసర్ జి. రాంరెడ్డి పేరుంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుడితే తొలి వీసీ ఆయనే. 1985లో ఇగ్నోకీ ఆయనే. బడి ముఖం చూడనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరిన రోజులవి. పాఠాలు పోస్టులో వచ్చేవి, రేడియోలో వినిపించేవి. కానీ చాలామందిని గట్టెక్కించింది స్టడీ సెంటర్లో ఎదురుగా కూర్చుని చెప్పిన క్లాసులేనని నా నమ్మకం.

జులై 9, బుధవారం
కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' మొదలైంది 2017లో ఇదే రోజున. పాఠాలు ఉచితం, పేరున్న ప్రొఫెసర్లు. అయినా ఇలాంటి ఆన్‌లైన్ కోర్సుల్లో చేరేవాళ్లెందరో, చివరిదాకా నిలిచేవాళ్లు కొందరే. ప్రపంచమంతా ఇదే కథ. 15 ఏళ్లు నిండిన నిరక్షరాస్యుల కోసం తెచ్చిన 'ఉల్లాస్' యాప్ నయం. నేర్చుకునేవాళ్లకి ఒక వలంటీరును జత చేస్తుంది.

జులై 13, ఆదివారం
టైలరక్క కొడుక్కి సెలవు. వాడి ఫోను, నా లాప్‌టాప్, మా డైనింగ్ టేబుల్. దరఖాస్తు పూర్తయింది. తెలుగు మీడియం, సబ్జెక్టుల్లో హోమ్ సైన్స్ పట్టుబట్టి పెట్టించుకుంది.
క్యాంపస్ పిల్లలకో మాట. మాణికేశ్వరినగర్ బస్తీ మీ గోడ పక్కనే. వారానికో గంట అక్కడ కూర్చోండి, ఫోను నేర్చుకునేవాళ్ల చేతికిచ్చి.