కోటలోపల నాలుగు రోజుల కాపురం

చంద్రపురంలో కాపురముంటూ చంద్రపురానికే యాత్ర వెళ్ళి, అక్కడ ఒక అద్దె ఇల్లు తీసుకొని ఉండి వచ్చామంటే చదివేవారు నవ్వుకోవచ్చు. మా ఆఫీసులోనూ నవ్వారు. సెలవు చీటీలో వెళ్ళే చోటు అనే గడిలో 'చంద్రపూర్' అని రాసి ఇస్తే, పై అధికారి కళ్ళజోడు సవరించుకొని, "ఉన్నది ఇక్కడే కదా, ఇక వెళ్ళడమెక్కడికి?" అని మరాఠీలో అడిగారు. కోటలోపలికి వెళుతున్నామని మనవి చేసుకున్నాము.

అసలు సంగతి మా అక్కయ్యది. ఆమెను వరంగల్లు ఇచ్చాము. కాజీపేటలో రైలెక్కితే నాలుగైదు గంటల్లో ఇక్కడ దిగవచ్చు. అయినా పదకొండేళ్ళుగా ఆమె ఈ ఊళ్ళో అడుగు పెట్టలేదు. నాన్నగారి సంవత్సరీకాలకు వచ్చినప్పుడు తుకుంలోని మా ఇంట్లో బంధువులు కిక్కిరిసి ఉన్నారు. ఉన్నవే రెండు గదులు, ఒక వంటిల్లు. అందుచేత అక్కయ్యను, బావగారిని, పిల్లను ఒక లాడ్జిలో దించాము. వారికి సుఖంగా ఉంటుందనే అనుకున్నాము. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను లాడ్జిలో పెట్టారని ఆమె ఎవరితోనూ అనలేదు, మాతో అసలే అనలేదు. రావడం మానేసింది, అంతే. పండుగకు పిలిస్తే మోకాళ్ళ నొప్పులనేది.

మొన్న మార్గశిరంలో మా మేనకోడలు, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు తాడోబా అడవిలో పులిని చూడాలని బయలుదేరుతూ, అక్కయ్యను కూడా బలవంతాన తీసుకొస్తున్నామని కబురు చేశారు. బావగారు దుకాణం వదలి రాలేరట. మొత్తం అయిదుగురు. మాకున్నవి మళ్ళీ అవే రెండు గదులు. మళ్ళీ లాడ్జి అనడానికి నోరు రాలేదు.

ఉపాయం చెప్పినవాడు అల్లుడే. అతడు ఉద్యోగరీత్యా దేశాలు తిరిగినవాడు. స్పెయిన్ దేశంలో సెవిల్, గ్రనాడా వంటి పాత పట్టణాలలో యాత్రికులు హోటలు మాని, ఊరి నడుమ పాత ఇంట్లో ఒక వాటా నాలుగు రోజులకు అద్దెకు తీసుకొని, సంతలో కూరలు తెచ్చుకొని వండుకు తింటారట. "మీ ఊళ్ళోనూ చూడండి మామయ్యగారూ" అన్నాడు. ఆ పద్ధతి ముదిరి అక్కడ కాపురముండేవారికే ఇళ్ళు దొరకని పరిస్థితి వచ్చిందని, 2028 నవంబరుకల్లా అటువంటి వాటాల అనుమతులన్నీ రద్దు చేస్తామని బార్సిలోనా నగరపాలకులు 2024లో ప్రకటించారని మేము పత్రికలో చదివి ఉన్నాము. చంద్రపురానికి ఆ బెంగ ఇంకా లేదు. ఇక్కడి ఫోనులో వెతికితే దొరికేవన్నీ అడవి అంచున పులియాత్రికుల కోసం కట్టినవే. ఒక్కటి మాత్రం పఠాన్‌పురా దర్వాజా లోపల, కోటగోడను ఆనుకున్నంత దగ్గరలో కనబడింది: పెంకుటిల్లు, మూడు గదులు, వీధి అరుగు, పెరట్లో నుయ్యి. రోజుకు 1,800 రూపాయలు.

అక్కయ్య, మేము పుట్టింది కోటలోపలే, నాన్నగారి అద్దె ఇంట్లో. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. దాని చోట బట్టల దుకాణం వెలసింది. అందుకని ఈ ప్రకటన చూడగానే మా ఆవిడ, "ఇది పోనివ్వకండి" అన్నది.

ఆదివారం పొద్దున స్కూటరు మీద బయలుదేరాము. జట్‌పురా దర్వాజా దగ్గర ఎప్పటిలాగే బండ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. గోండు రాజులు ఏనుగులకు సరిపడా కట్టించారు గాని ఆటోలను ఊహించలేదు కాబోలు. నిలబడిపోయిన ఆ పావుగంటలో తలెత్తి, ద్వారం మీద ఏనుగును అణచిన సింహం బొమ్మను తీరిగ్గా చూచాము. ఇన్నేళ్ళుగా దాని కిందనుంచే ఆఫీసుకు పోతున్నాము.

ఇంటి యజమానురాలు డెబ్బయి దాటిన పెద్దావిడ. కొడుకులు పుణెలో ఉన్నారు. ఇల్లు పడగొట్టి మేడ కడదామంటే వీలులేదని మరాఠీలో చెప్పుకొచ్చింది. కోటగోడ పురావస్తు శాఖవారి రక్షణలో ఉన్నది. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్తగా ఏమీ కట్టరాదు. ఆపైన మరి 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. పాత ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతే. కొనేవాడు లేడు, కట్టే వీలు లేదు. వానాకాలం వస్తే పెంకులు మార్చాలి. ఆ పెంకుల ఖర్చు కోసం రోజు అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టిందట. గోడ ఉండాలనే మేమూ అంటాము. 2017లో ఈ ఊరి ఎకో-ప్రో యువకులు నెలల తరబడి దాని మీది ముళ్ళపొదలు కొట్టి శుభ్రం చేస్తే మెచ్చుకున్నవారమే. కాని గోడ నీడన బతికేవారి లెక్క వేరు.

మా ఆవిడ మెల్లగా మాతో, "అద్దె ఎక్కువండీ, కొంచెం తగ్గించమనండి" అన్నది. పెద్దావిడ వెంటనే, "జాస్తి ఏం లేదమ్మా" అన్నది! చక్కని తెలుగు, మధ్యమధ్య మరాఠీ మాటలు. తాతముత్తాతల కాలంనుంచి చాందాలో స్థిరపడ్డ కోమట్లు. పెళ్ళయిన నాటినుంచి ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. ఇంట్లో మాట్లాడేవారు పుణె వెళ్ళిపోయాక తెలుగు దేవుడి గదికే పరిమితమైందట. అద్దె 1,500కి దిగింది.

సోమవారం అక్కయ్య రైలు దిగింది. ఆటో తుకుం వైపు తిరగకపోయేసరికి ఆమె ముఖం మారిపోయింది. "మళ్ళీ ఎక్కడ దించుతున్నారురా?" అన్నది. మేము బదులు చెప్పలేదు. గుమ్మంలో మా ఆవిడ కాళ్ళకు నీళ్ళిచ్చి, దిష్టి తీసి లోపలికి తీసుకుపోయింది. అక్కయ్య గదులు తిరిగి, తాడుమీద మా తువాళ్ళు, మూలన మా పిల్లవాడి పుస్తకాల సంచీ చూచి, "మీరూ ఇక్కడేనా?" అన్నది. మా ఇంటికి తాళం వేసి వచ్చామన్నాము. ఆమె ఇంకేమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళి డబ్బాలు మూతలు తీసి చూడసాగింది.

ఫోనులో చూపిన నుయ్యి ఉన్నమాట నిజమే, దానిమీద ఇనుప జాలీ బిగించి ఉన్నది. కొళాయి నీళ్ళు తెల్లవారుజామున అయిదింటికి వచ్చి, ఆరు కాకుండానే పోతాయి. మొదటిరోజు ఆ సంగతి తెలియక స్నానాలకు బకెట్లు పట్టుకొని ఇరుగుపొరుగును యాచించవలసి వచ్చింది. మర్నాటినుంచి ఆ భారం అక్కయ్యే తీసుకున్నది.

మంగళవారం అడవికి సెలవని అల్లుడికి ఇక్కడికి వచ్చాక తెలిసింది. అందుచేత ఆ రోజు ఊరు చూచాము. అచలేశ్వర దర్వాజా దాటి, ఝర్‌పట్ ఒడ్డున గుడి. ఒంటినిండా పొక్కులతో బాధపడే ఖాండక్యా బల్లాళ్ షాకు ఇక్కడి గుంటలో నీళ్ళతో నయమైందని, కుందేలు వేటకుక్కను తరిమిన దారివెంట రాణిగారి సలహాతో కోటకు పునాదులు వేశారని కథ. పిల్లలకు కుందేలు నచ్చింది. పక్కనే బీర్‌షా సమాధి. చనిపోయిన భర్త కొరకు రాణి హీరాయి కట్టించింది. మహాకాళి గుడిని కట్టించిన పుణ్యం కూడా ఆమెదే. అక్కడినుంచి లాల్‌పేట వెళ్ళాము. ఆరుబయట పడి ఉన్న పెద్ద పెద్ద రాతి విగ్రహాలలో పది తలల అమ్మవారిని జనం రావణుడంటారు. 26 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. రాయప్ప అనే కోమటి షావుకారు అచలేశ్వరానికి దీటైన గుడి కట్టాలని చెక్కించి, కట్టకుండానే కన్నుమూశాడని చెబుతారు. అక్కయ్య ఆ విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగి, "పాపం, ఎక్కడివాడో, ఇక్కడ మొదలుపెట్టాడు" అన్నది.

బుధవారం చీకటితోనే పిల్లలు అడవికి వెళ్ళారు. జింకలను చూచారు, పులి అడుగులు చూచారు, పులిని చూడలేదు. మేము అరుగు మీద కూర్చున్నాము. అక్కయ్య చిక్కుడుకాయలు వలుస్తూ, తలెత్తకుండానే అన్నది: "ఆ లాడ్జిలో రాత్రంతా కూర్చునే ఉన్నానురా. నాన్న తిరిగిన ఇల్లు అక్కడ పెట్టుకొని, పరాయి గోడలు చూస్తూ."

తెలియదన్నాము.

"తెలియదనే అనుకున్నాను. తెలిసి చేసి ఉంటే అప్పుడే పోట్లాడేదాన్ని."

ఆ తరువాత చిక్కుడుకాయల ధర మీదికి మాట పోయింది.

గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె చీరలు సర్దడం మొదలుపెట్టింది. రైలు రేపు కదా అంటే, "ఈ ఇల్లు బాగానే ఉన్నది. మీ ఇంట్లో ఒక రాత్రయినా పడుకోకుండా ఎలా వెళ్ళను?" అన్నది. చోటు చాలదని మా ఆవిడ అనబోయి ఊరుకున్నది. ఆ రాత్రి తుకుంలో ఆ రెండు గదుల్లో ఎనిమిదిమందిమి పడుకున్నాము. అల్లుడు కాళ్ళు వంటింట్లోకి, తల నడవలోకి. అక్కయ్య నాన్నగారి ఫొటో కింద చాప వేసుకొని, అందరికంటే ముందు నిద్రపోయింది.

నాలుగో రాత్రి అద్దె 1,500 తిరిగి ఇమ్మని అడగడానికి మాకు ముఖం చెల్లలేదు, పెద్దావిడ ఇస్తాననీ అనలేదు. తాళంచెవి ఇవ్వబోతే మాత్రం, చైత్ర పౌర్ణమి మహాకాళి జాత్రకు నాందేడు వైపునుంచి, తెలంగాణానుంచి జనం విరగబడతారని, అప్పుడు అద్దె రెట్టింపని, కావాలంటే మాకు ఇప్పుడే రాసిపెడతానని చెప్పింది. జాత్రకు అక్కయ్య బావగారితో వస్తానన్నది. పెద్దావిడకు వద్దని చెప్పాము. మా ఆవిడ రెండు పరుపులు కుట్టించడానికి ఇచ్చింది.