అలిగిన బలరాం

సాయంత్రం మా చౌటుప్పల్ పిల్లల ఆట చూస్తే నాకు నవ్వొస్తుంది. ఒకడి వీపు మీద మెస్సీ, ఇంకొకడి వీపు మీద రొనాల్డో. ఆడేది మాత్రం క్రికెట్. మెస్సీ బౌలింగ్ వేస్తాడు, రొనాల్డో ఎల్బీడబ్ల్యూ కాదని కొట్లాటకు దిగుతాడు. ఫుట్‌బాల్ మన దగ్గర అంగీల మీద మిగిలింది, కాళ్లలోంచి పోయింది. "తులసీదాస్ బలరాం ఎవరో ఎరుకేనా?" అని అడిగితే ఒక పిల్లగాడు కాసేపు ఆలోచించి, "ఎమ్మెల్యేనా సార్?" అన్నాడు.

వాణ్ని తప్పు పట్టను. వాళ్ల నాన్నకూ తెలియదు. ఇక్కడ బస్సెక్కితే ఎల్బీనగర్ మీదుగా సికింద్రాబాద్ ఎంత దూరమని! ఆ సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో 1936లో పుట్టాడు బలరాం. తల్లిదండ్రులు తమిళులు, పేదవాళ్లు. బూట్లు కొనే తాహతు లేక, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే మనిషికిచ్చి ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడు. అడుగున కొట్టిన గుబ్బలు, కాలికి సరిగ్గా పట్టని తోలు. అవే మొదటి జోడు. ఆయన ఆట చూసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ప్రాక్టీసుకు రమ్మన్నాడు. వచ్చేందుకు డబ్బుల్లేవంటే, సైకిల్ కిరాయికి రోజూ ఒక రూపాయి తన జేబులోంచి ఇచ్చాడట. ఆ రూపాయి విలువ కట్టాలంటే మనకు లెక్కలు చాలవు.

రహీం సాబ్ అంటే మామూలు మనిషి కాదు. వృత్తికి బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్ది, 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు పట్టుకొచ్చినవాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు కోచ్ ఆయనే. ఆ జట్టులో హైదరాబాదీలు ఒకరిద్దరు కాదు. ఇరవయ్యేళ్ల బలరాం కూడా అందులో ఉన్నాడు. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి మనవాళ్లు సెమీఫైనల్‌కెక్కారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియా జట్టు ఒకటి అంత దూరం పోవడం అదే మొదలు.

సెమీస్‌లో ఎదురుపడింది యుగోస్లావియా. నాలుగేళ్ల కింద హెల్సింకీలో మనల్ని 10-1తో చితక్కొట్టిన దేశమే. ఈసారి మొదటి గోల్ మనది, నెవిల్ డిసౌజా వేశాడు. ఆ తర్వాత వాళ్లు ఊపిరి తీసుకోనియ్యలేదు. 4-1తో ఓడిపోయాం. ఆ నాలుగు గోల్స్‌లో ఒకటి మనవాళ్లే మన గోల్‌లోకి పంపినది, ఒకటి సెర్బియాలోని నోవీసాద్‌కు చెందిన తోడోర్ వెసెలినోవిచ్‌ది. ఇతన్ని ఇక్కడికి ఊరికే తేలేదు. సొంత దేశపు లీగ్‌లో నాలుగుసార్లు అందరికంటే ఎక్కువ గోల్స్ వేసిన స్ట్రైకర్. ఆటకు సెలవు చెప్పాక కోచ్ అయ్యాడు. 1984 యూరో కప్పుకు తన దేశపు జట్టును తీసుకుపోయాడు, 1988-89లో టర్కీ క్లబ్ ఫెనర్‌బాచెతో ఒక్క సీజన్లోనే 103 గోల్స్ వేయించి టైటిల్ గెలిపించాడు. ఆడటం ఆపాక కూడా ఆటలోనే చోటు దొరికినవాడు, 2017లో కన్నుమూశాడు.

బలరాం కథ వేరే దారి పట్టింది. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. 1961లో కెప్టెన్, ఆ ఏడు కలకత్తా లీగ్‌లో 23 గోల్స్‌తో టాప్ స్కోరర్. అంతకుముందే రోమ్ ఒలింపిక్స్ వచ్చాయి. హంగరీ మీద 2-1తో ఓడిన ఆటలో ఆ ఒక్క గోల్ బలరాందే. పెరూ మీద 3-1తో ఓడినప్పుడూ అంతే. ఓడిన మ్యాచుల్లో వేసిన గోల్స్‌ను పేపర్లు పెద్దగా తలుచుకోవు. నన్నడిగితే, ఆటగాణ్ని తూచాల్సింది వాటితోనే. హంగరీ తరఫున ఆ రోజు గోల్ వేసిన ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఏడేళ్ల తర్వాత యూరప్‌లోనే ఉత్తమ ఆటగాడనిపించుకున్నాడు. మనవాళ్లు తలపడింది అలాంటివాళ్లతో.

పీకే బెనర్జీ, చుని గోస్వామి, బలరాం. ఈ ముగ్గురూ ముందు వరసలో నిలబడితే ఆసియాలో ఏ జట్టుకైనా గుండె దడే. 1962 జకార్తా ఏషియాడ్‌లో స్టేడియమంతా మనవాళ్లను ఎగతాళి చేస్తుంటే, ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. మరుసటేడాది జూన్‌లో క్యాన్సర్‌తో రహీం సాబ్ పోయాడు. అదే 1963లో బలరాం ఊపిరితిత్తుల జబ్బు పడ్డాడు. డాక్టర్లు ఆట వద్దన్నారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లే. మనలో చాలామంది అప్పుడప్పుడే ఉద్యోగంలో కుదురుకునే వయసు!

ఇక మిగిలింది అలక. ఒంటరి మనిషి, పెళ్లి చేసుకోలేదు, కలకత్తా దాపున ఉత్తరపారాలో గంగ ఒడ్డున స్థిరపడ్డాడు. తనను పట్టించుకోలేదన్న బాధతో, చచ్చిపోయాక తన శవాన్ని కూడా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు తీసుకుపోవద్దన్నాడు. పెద్దమనిషి తరహాగా "అంతా మన మంచికే" అని నవ్వేసి ఉంటే జనానికి నచ్చేవాడేమో. నాకు ఈ అలిగిన బలరామే ఎక్కువ నచ్చుతాడు. పెట్టనివాణ్ని పెట్టలేదనడం తప్పెట్లయితది?

కలకత్తా సంగతి సరే, మనం చేసింది మాత్రం ఏముంది? రహీం సాబ్ మీద 2024లో సినిమా వచ్చింది. తీసినవాళ్లు బొంబాయి వాళ్లు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ మూడేళ్లకే ఢిల్లీకి మకాం మార్చి పేరూ మార్చుకుంది, ఇక్కడ ఆపినవాళ్లు లేరు. బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో పోయాడు.

ముందు వరస ముగ్గురిలో చుని గోస్వామికి 1983లో పద్మశ్రీ ఇచ్చారు, పీకేకు 1990లో ఇచ్చారు. 1962లో అర్జున అందుకున్న బలరాంకు ఆ తర్వాత బతికిన అరవై ఏళ్లలో పద్మశ్రీ రాలేదు.