పిట్టను చూసి నీళ్లలో దిగేవాళ్లు: నేలపట్టు, పులికాట్ యాత్ర

సంక్రాంతి సెలవుల్లో మా హాస్టల్ వాళ్లం తొమ్మిది మందిమి తిరుపతి జిల్లాలోని నేలపట్టు, పులికాట్ చూసొచ్చాం. చదివి వదిలేసే యాత్రా విశేషం కాదిది, మనం మాట్లాడుకోవాల్సిన సంగతి ఒకటుంది. అందుకే వివరంగా రాస్తున్నాం.

మాది కొండ ప్రాంతం. అడవిలో పిట్టలు తెలుసుగానీ ఉప్పునీటి పిట్టలు మాకు కొత్త. పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. సముద్రానికి, సరస్సుకి మధ్య శ్రీహరికోట దీవి అడ్డుగోడలా ఉంటుంది. 1976 నుంచి ఇది పక్షుల అభయారణ్యం.

ముందు దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువుకి వెళ్లాం. నీళ్లలో నిలబడ్డ చెట్ల నిండా గూడబాతుల గూళ్లే. పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తింటుంటే మాకు నవ్వాగలేదు. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు కూడా అక్కడే గూళ్లు పెట్టుకున్నాయి. విచిత్రం ఏంటంటే గూడు ఇక్కడ, తిండి పులికాట్‌లో. చేపల కోసం గూడబాతులు రోజూ అంతదూరం ఎగిరి వెళ్తాయి. అంటే చెరువొక్కటి కాపాడితే చాలదు, సరస్సు కూడా బతకాలి.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. రెండు పక్కలా ఫ్లెమింగోలు. ముక్కు తలకిందులుగా పెట్టి బురదనీళ్లు వడగట్టుకుని తింటాయి. వాటి గులాబీ రంగు కూడా ఆ తిండి వల్ల వచ్చిందే.

మేం బయలుదేరే ముందు చదివినవాటిలో పిట్టల పేర్లన్నీ ఉన్నాయి. యానాదుల పేరు మాత్రం లేదు. సరస్సు ఒడ్డున మోకాటి లోతు నీళ్లలో వలా గిలా లేకుండా చేతుల్తోనే రొయ్యలు, పీతలు పడుతున్న ఒక యానాది తాత కనిపించాడు. ఎలా తెలుస్తుంది తాతా అని అడిగితే, "పిట్ట దిగిందంటే ఆడ చేప ఉండాదని నాయనా. పిట్టను చూసే మేం దిగుతాం" అన్నాడు. కాసేపాగి, "పిట్టల్ని చూడను యాడాడ నుంచో వస్తారు. మా పిలకాయలు బడికి పోతన్నారా అని ఎవురూ అడగరు" అన్నాడు. మాలో ఎవరికీ మాట రాలేదు.

శ్రీహరికోట అడవి ఒకప్పుడు యానాదుల ఇల్లు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశాక చాలా కుటుంబాలు చోటు మారాల్సి వచ్చింది. ఇప్పుడు సముద్రం నీళ్లు లోపలికొచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయి. నీళ్లు తగ్గితే చేప తగ్గుతుంది. పిట్ట ఎగిరి ఇంకోచోటికి పోతుంది. చేతుల్తో పట్టుకునేవాడు ఎక్కడికి పోతాడు?

మిత్రులారా, అటవీ హక్కుల చట్టం 2006 కొండలకే అని మనలో చాలామంది అనుకుంటాం. ఆ చట్టం చెప్పే అటవీ భూమిలో అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా ఉన్నాయి. సెక్షన్ 3(1)(డి) నీటి వనరుల్లోని చేపల మీద సామూహిక హక్కు గురించి చెబుతుంది. క్లెయిమ్ గ్రామసభలో మొదలవ్వాలి. మన ఊళ్లలో పోడు పట్టాల కోసం ఫారాలు నింపిన అనుభవం మనకుంది. ఆ అనుభవం ఆ ఒడ్డున ఉన్న యానాది గూడేలకి కూడా పనికొస్తుంది.

పిట్టల్ని చూడాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. పొద్దున్నే వెళ్లండి, కేకలు వేయకండి, గూళ్ల దగ్గరికి పోకండి. పిట్టల్ని చూశాక ఒడ్డునున్న మనవాళ్లతో ఓ గంట కూర్చుని మాట్లాడండి. నెల్లూరు, తిరుపతి వైపు చదివే యానాది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ గ్రూపులో ఉంటే కింద రాయండి. మీ గూడెంలో గ్రామసభ పెట్టే రోజు చెప్పండి, ఫారాలు పట్టుకుని మేం వస్తాం.

జై ఆదివాసీ!