ఫ్రిజ్‌లో గులాబీ గింజలు

మాది కడియం దగ్గర ఊరు. కడియపులంక వెళితే ఏ రంగు కావాలన్నా అంటుకట్టిన గులాబీ మొక్క దొరుకుతుంది. అలాంటి చోట వుండి గింజ వేసి గులాబీ పెంచుతానంటే ఎవరైనా నవ్వుతారు కదండీ! మావారూ నవ్వారు.

సంగతేమిటంటే, మా అమ్మకి చూపు బాగా తగ్గింది. నర్సరీ నుంచి తెచ్చిన ఎర్ర గులాబీ ఏడాది పొడుగునా పూస్తుంది గానీ వాసన లేదు. పుట్టింటి నూతి దగ్గర నుంచి తెచ్చుకున్న నాటు గులాబీకి వాసనుంది, కానీ పూసేది ఒక్క మాఘమాసంలోనే. మిగతా రోజులన్నీ అమ్మ "పువ్వు పూసిందేమే?" అని అడుగుతూనే వుంటుంది.

ఆ మధ్య మాస్ రోజ్ గురించి చదివాను. మనం గడ్డిగులాబీ అంటామే, అది కాదు. నిజం గులాబీయే. మొగ్గ మీద నాచులాంటి నూగు, ముట్టుకుంటే వేళ్ళకి జిగట, వాసన. పాతరకాలు చాలావరకు ఏడాదికోసారే పూస్తాయి. కాలిఫోర్నియాలో రాల్ఫ్ మూర్ అనే ఆయన వాటిని మళ్ళీమళ్ళీ పూసే చిట్టిగులాబీలతో తరం తరవాత తరం కలుపుతూ వెళ్ళి, 1975లో 'డ్రెస్డెన్ డాల్' లాంటివి తెచ్చారు. ఆయన నూటరెండేళ్ళు బతికారు లెండి, అంత ఓపిక ఆయనకి చెల్లింది! అంతదూరం ఎందుకు, మన రాష్ట్రంలో ఐ.ఎ.ఎస్. ఆఫీసరుగా చేసిన వీరరాఘవన్‌గారు 1980లో ఉద్యోగం వదిలి, భార్య గిరిజగారితో కలిసి కొడైకెనాల్‌లో మన ఎండలకి తట్టుకునే గులాబీల పని మొదలెట్టారు. గిరిజగారు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి మనవరాలు.

నేనూ కొంగు బిగించాను. ఎర్రమొగ్గ విచ్చకముందే రేకలు తీసేసి, కనుబొమల ప్లక్కరుతో కేసరాలు తుంచి, కాగితం సంచీ కట్టాను. మర్నాడు మా అమ్మాయి రంగుల కుంచెతో నాటు గులాబీ పుప్పొడి అద్దాను. కాయ పండడానికి నాలుగు నెలలు. గింజలు తడిగుడ్డలో చుట్టి ఆరువారాలు ఫ్రిజ్‌లో పెట్టాలి. మా పనమ్మాయి పాడైన పప్పనుకుని సగం పారబోసింది! మిగిలిన ఎనిమిదిలో మూడు మొలిచాయి. రెండు బూడిద తెగులుకి పోయాయి.

మిగిలినది రెండో ఏడు మాఘంలో పూసింది. ఐదంటే ఐదు రేకలు. అమ్మ చేతిలో పెడితే ముక్కు దగ్గర పెట్టుకుని, "మన నూతి దగ్గరదేనే" అంది.

కానీ ఆ తరవాత పూయదు. మళ్ళీమళ్ళీ పూసే గుణం మొదటి తరంలో అణిగిపోతుందట, తిరిగి ఎర్రదానితో కలిపితే కొన్ని పిల్లమొక్కల్లో బయటపడుతుందట. అంటే ఇంకో రెండేళ్ళు. అమ్మకి ఎనభైఏడు.

ఈ ఏడు పూసింది రెండే పూలు. మొదటిది అమ్మకిచ్చాను. రెండోదాని పుప్పొడి ఎర్రదానికి అద్దేశాను. "ఇవాళ పూయలేదా?" అంటే, "లేదమ్మా" అన్నాను.